పొడిదుక్కిలో పచ్చజొన్నలు

మా అత్తగారింట్లో పొయ్యి పక్కన రెండు కుండలు ఉండేవి. చిన్నది దేవుడి కుండ. ఎసట్లో గింజలు పోసే ముందు ఒక పిడికెడు తీసి అందులో వెయ్యాలి. ఆదివారం నాడు అది గుళ్ళో కానుకగా పోతుంది. మా పల్లెలో క్రైస్తవుల ఇళ్ళన్నిటా అదే వాడుక. రెండోది విత్తనాల కుండ. పచ్చజొన్నలకు బూడిద పట్టించి, వేపాకు వేసి, మూత చుట్టూ పేడతో మెత్తి ఉంచేవాళ్ళం. ఇంట్లో తిండి లేకపోయినా దాని జోలికి పోకూడదు. ఆ రెండు కుండలకూ కాపలా నేనే. దేవుడి కుండలో నేను వేసే పిడికెడు చూసి మా అత్త, "అన్నిటికీ పొడుగ్గానే ఉంటయ్యి నీ వేళ్ళు, దేవుడి దగ్గరికొచ్చేసరికి పొట్టివైతయ్యేందే" అనేది. ఆమెకు అప్పటికే చూపు చానా వరకు పోయింది. అయినా గింజలు పడే చప్పుడు బట్టి లెక్క తెలిసేది.

వెల్దుర్తికీ మాచర్లకూ మధ్యలో ఉండేది మా ఊరు. అప్పుడు పెద్ద యుద్ధం నడుస్తోంది. కిరసనాయిలు దొరికేది కాదు, బట్ట దొరికేది కాదు. అవి లేకపోయినా బతకొచ్చు. వాన లేకపోతే ఎలా? వరసగా రెండేళ్ళు కార్తెలన్నీ ఎండగానే దాటిపోయాయి. ఇంట్లో నేను, మా ఆయన, మా అత్త, చంకలో ఏడాది నిండని మా పెద్దపిల్ల. మామ బతికుండగా బంజరు కొట్టి చేసిన చిన్న చేను ఒకటి ఉంది. వాలుకు పై భాగం గరుకు నేల, కింది భాగం నల్లరేగడి.

మాకు ఒకటే ఎద్దు. పక్కింటి పెద్దయ్యకు ఒకటి. రెండూ కలిస్తేనే కాడి. ఒకరి చేను అయ్యాక ఒకరి చేను దున్నుకునేవాళ్ళం. పెద్దయ్యకు నోరు దురుసు. ఆ సంవత్సరం మృగశిర సగం గడిచినా మబ్బు కూడా పట్టకపోయేసరికి ఆయన మా వాకిట్లోకి వచ్చి, "ఒరేయ్, నా ఎద్దును సంతకు తోలుతున్నా. దానికి మేత లేదు, నాకు గంజి లేదు. కాలవలకు నీళ్ళొదిలితే డెల్టాకు నాట్లకు పోతాం. మీరు కూడా సర్దుకోండి" అన్నాడు. మా ఆయన తలూపాడు. ఆ ఎద్దు పోతే మా ఎద్దు ఒంటిదవుతుంది. వాన వచ్చినా విత్తే గొర్రు కట్టేందుకు కాడి ఉండదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

నేను మిషను బడిలో మూడో తరగతి దాకా చదివాను. మా ఆయనకు అక్షరం రాదు. అందుకని పొద్దున్నే పనికి పోబోయే ముందు నేను వాక్యం చదివితే ఆయన, అత్త వినేవాళ్ళు. కూడబలుక్కుని చదవటమే గాని నాకు దాని అర్థం మీద ధ్యాస ఉండేది కాదు. పొయ్యి మీద ఏముంది, పిల్ల లేచిందా అన్న దాని మీదే మనసు. పెద్దయ్య వచ్చి వెళ్ళిన మర్నాడు నేను చదివిన భాగంలో ఉన్నదంతా పేర్ల వరస. ఎవరికి ఎవరు పుట్టారో, వాళ్ళకు ఎవరు పుట్టారో. నోరు తిరగని పేర్లు. తొందరగా చదివేసి మూశాను.

మా ఆయన లేవలేదు. "విత్తమంటున్నాడే" అన్నాడు.

"ఎవరు? పెద్దయ్యా?"

"దేవుడు."

నాకు ఒళ్ళు మండింది. "నేను చదివిందాంట్లో గొర్రు యాడుంది, జొన్నలు యాడున్నయ్యి? పేర్లేగా చదివింది!"

"నువ్వు పేర్లు చదువుతున్నావు. నాకు లోపల ప్రేరేపణ కలిగింది. ఎద్దు పోకముందే విత్తాలి."

"వాన పడకుండానా?"

"పొడిలోనే."

పొడిదుక్కిలో విత్తటం మా వైపు ఎరగనిది కాదు. పెద్ద మోతుబరులు, గాదెల్లో ఇంకా విత్తనం ఉన్నవాళ్ళు, చేలో ఒక చెక్క అలా వేసి చూసేవాళ్ళు. పడితే లాభం, పోతే మళ్ళీ విత్తుతారు. మాకు ఉన్నది ఒక్క కుండ. పొడిలో వేసిన గింజను పిట్ట తింటుంది, చీమ తింటుంది. అవి వదిలినా ఒక్క జల్లు పడి ఆగిందంటే మొలక లేచి మాడిపోతుంది. నేలలో పోసిన దాన్ని మళ్ళీ ఏరుకోలేం. ఆ కుండలో ఉన్నది వచ్చే ఏటి తిండి. ఇంకా చెప్పాలంటే ఆ ఏటి ఆఖరి తిండి కూడా అదే. గత్యంతరం లేకపోతే ఉడకబెట్టి పిల్లకు పొయ్యొచ్చని నేను మనసులో దాచుకున్న ఆశ.

"ఎద్దు పోతదని భయపడి నువ్వే అనుకున్నావు. దేవుడి మీద పెడుతున్నావు" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "అయ్యుండొచ్చు. ఎద్దు పోయే భయంలోంచే ఆయన మాట్టాడాడేమో. అట్టా మాట్టాడకూడదా?"

"నీకు చెప్పాడు సరే. కుండ నా చేతిలో ఉంది. నాకెందుకు చెప్పలా?"

మా అత్త గోడకు ఆనుకుని, "నీకు చెప్తే నువ్వు బేరం ఆడతావని" అంది.

గొర్రుతో విత్తటం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. మగవాడు ఎద్దుల్ని తోలుతూ గొర్రును అదిమి పట్టుకుంటాడు. గొర్రు మీద గిన్నెలాంటి కొయ్య ఉంటుంది, జడ్డిగం అంటారు. దాన్నుంచి మూడు వెదురు గొట్టాలు నేలలోకి దిగుతాయి. ఆడమనిషి పక్కనే నడుస్తూ ఒడిలోంచి గింజలు పిడికిట్లోకి తీసుకుని జడ్డిగంలోకి వేళ్ళ సందుల్లోంచి జారవిడవాలి. ఎక్కువైతే గుబురు లేస్తుంది, తక్కువైతే గొర్రు చాలు బోసిపోతుంది. కాబట్టి ఆయనకు ఎంత ప్రేరేపణ కలిగినా, నా పిడికిలి విప్పందే ఒక్క గింజ నేలలో పడదు. అది ఆయనకూ తెలుసు. అందుకే ఆ పూట, ఆ రాత్రి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అడిగి ఉంటే దెబ్బలాడేదాన్ని. అడగకపోయేసరికి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లవారి లేచేసరికి ఆయన వాకిట్లో గొర్రు గొట్టాలు ఊది దుమ్ము దులుపుతున్నాడు. నేను చేసిన ప్రార్థన ఒక్కటే: నన్ను ఆపదలచుకుంటే ఇప్పుడే ఆపు. ఏ అడ్డమూ రాలేదు. కుండ మూత మీద పేడ పగలగొట్టాను. పెద్దయ్య ఎద్దును ఇచ్చాడు గాని చేలో గట్టు మీద కూర్చుని చూస్తూ, "ఏందిరా, చీమలకు విందు పెడుతున్నావా? పిలుపులు అందినయ్యా వాటికి?" అని నవ్వాడు.

మా ఆయన తలపాగా తీసి గట్టు దగ్గర నిలబడి రెండు మాటలు ప్రార్థన చేశాడు. తర్వాత గొర్రును ఎప్పటికన్నా లోతుగా అదిమాడు. చిన్న జల్లుకు తడి తగలకూడదని. ఎద్దులు బక్కచిక్కి ఉన్నాయి, లాగలేక ఆగేవి. ఆగినప్పుడల్లా నేను పిడికిలి బిగించేదాన్ని. పైనున్న గరుకు నేలలో గొర్రు దిగలేదు. కింద రేగడిలో దిగింది. పొద్దు నడినెత్తికి రాకముందే నా ఒడి ఖాళీ అయింది. ఇంటికొచ్చి ఖాళీ కుండను బోర్లించాను. ఆ చప్పుడు విని మా అత్త అటు తిరిగింది.

పెద్దయ్య ఎద్దు సంతకు పోయింది.

ఇక నాకు ఒక చోట కాలు నిలిచేది కాదు. మాచర్ల రోడ్డుకు కంకర కొట్టే పని దొరికితే ఇద్దరం పోయేవాళ్ళం. సుత్తి దెబ్బ వేస్తూ పడమటి దిక్కు చూసేదాన్ని. నల్లమల మీద మబ్బు చిన్న గుడ్డపీలికంత కనిపించినా గుండె కొట్టుకునేది. వస్తుందేమోనని ఒక భయం, కొంచెమే వస్తుందేమోనని ఇంకొక భయం. పని దిగగానే ఇంటికి పోకుండా చేలోకి పోయేదాన్ని. చాలులో వేలు గుచ్చి ఒక గింజ పైకి తీసేదాన్ని. ఊరిందా, పుచ్చిందా, ఉందా, లేదా. చూసి మళ్ళీ పూడ్చేదాన్ని. మర్నాడు ఇంకో చోట. ఒకసారి మా ఆయన వెనక నుంచి వచ్చి, "పడుకున్నదాన్ని గంటకోసారి లేపి నిద్ర పట్టిందా అని అడిగినట్టుంది" అన్నాడు.

"నీకు నిద్ర పడుతుందిగా. నాకు పట్టట్లా."

"నాకు మాత్రం యాడ పడుతుందే" అన్నాడు. ఆ మాట నన్ను ఇంకా కంగారు పెట్టింది. దేవుడి మాట విన్న మనిషైనా నిబ్బరంగా ఉంటాడనుకున్నాను.

ఒకరోజు గట్టు పక్కన చీమల బారు కనిపించింది. ఒక్కొక్కటీ ఒక్కో జొన్నగింజను మోసుకుపోతోంది. మా గింజలే. ఆ బారు వెంట వంగి నడిచి పుట్ట పట్టుకున్నాను. కంకర దగ్గర్నుంచి తెచ్చుకున్న సుత్తితో తవ్వాను. లోపల చిన్న గదిలాంటి చోట గింజలు పోగేసి ఉన్నాయి. కొన్నిటికి చీమలు మొలక ముక్కు కొరికేశాయి, అవి పనికిరావు. మిగిలినవి మట్టితో సహా కొంగులో వేసుకుని, చెరిగి, మళ్ళీ చాలులో ఒక్కొక్కటే వేలితో గుచ్చాను. చీమలు నా చేతుల్ని మోచేతుల దాకా కుట్టాయి. ఇంటికొస్తే నా చేతులు చూసి మా ఆయన, "చీమలకు కూడా ప్రేరేపణ కలిగిందేమో, పాపం" అన్నాడు. మా అత్త నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆరుద్ర చివర్లో జల్లు పడింది. దుమ్ము అణిగే జల్లు. చూరు నుంచి ధార కూడా కట్టలేదు. పల్లెలో అందరూ వాకిళ్ళలోకి వచ్చి మొహాలు తడుపుకుంటుంటే నేను చేలోకి పరుగెత్తి, "ఆగితే ఇప్పుడే ఆగు, లేకపోతే బాగా పడు" అని అరిచాను. ఆగలేదు, బాగా పడనూ లేదు. గరుకు నేలలో గింజ పైపైనే ఉంది కదా, దానికి తడి తగిలింది. కొన్నాళ్ళకు పచ్చటి ముక్కులు లేచాయి. వాటిని చూసి సంతోషపడటానికి కూడా భయమేసింది. ఎండ కాసింది. మొలకలు పసుపు తిరిగి, తర్వాత గడ్డిపోచల్లా ఒరిగాయి.

ఎండినవి ఒక గుప్పెడు పీక్కొచ్చి మా ఆయన ముందు పడేశాను. "ఇదుగో నీ ప్రేరేపణ. దేవుడు సగం మాటే చెప్పాడా, నువ్వు సగమే విన్నావా?"

ఆయన వాటిని తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. "వాన పడతదని నాకు చెప్పలా" అన్నాడు.

"ఏందీ?"

"వానొస్తదని చెప్పలా. విత్తమన్నాడు. అంతే చెప్పాడు. నేను ఎప్పుడన్నా వానొస్తదని అన్నానా నీతో?"

నెమరు వేసుకుంటే నిజమే. అనలేదు. ఇన్నాళ్ళూ ఆయనకు ముందు సంగతి తెలుసని, నాకు చెప్పకుండా దాచాడని నేను మండిపడుతున్నాను. ఆయనకు తెలిసింది నాకు తెలిసినంతే. ఆ రేగడి నేలలో లోతున ఉన్న గింజల సంగతి ఆయన కూడా నా లాగే గుడ్డిగా ఎదురుచూస్తున్నాడు. అది తెలిశాక కోపం పోయింది, దాని చోట దిగులు వచ్చి కూర్చుంది.

ఆ వారంలోనే పెద్దయ్య వాళ్ళు బయల్దేరారు. కాలవలకు నీళ్ళు వదిలారని కబురు వచ్చింది. పెద్దయ్య కోడల్ని నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె గంప నెత్తిన పెట్టుకుని మా గుమ్మంలో నిలబడి, "ఏమే, మొగుడికి దేవుడు మాట్టాడితే మాట్టాడనీ. చంటిదానికి ఎవరు మాట్టాడతారు? దాని మొహం చూడు. పద నాతో. అక్కడ మెతుకన్నా దొరుకుతది" అంది.

మా పిల్ల మొహం చూశాను. కళ్ళు పెద్దవైపోయి ఉన్నాయి. నేను లోపలికి పోయి ఉన్న రెండు గుడ్డలూ మూట కట్టాను. మా ఆయన కంకర పనికి పోయాడు. పిల్లను చంకనేసుకుని, మూట తీసుకుని, మా అత్తతో, "నేను పోతున్నానత్తా" అన్నాను.

నన్ను ఆపుతుందనుకున్నాను. వాక్యం చెప్తుందనుకున్నాను. ఆమె గోడ పట్టుకుని లేచి, "పో అమ్మాయ్, పిల్లకు గంజి దొరుకుతది. ఆ నూనె డబ్బా, కర్ర నా చేతికిచ్చి పో" అంది.

"డబ్బా ఎందుకు?"

"చేను దగ్గర కూర్చుంటా. నువ్వు పోతే పిట్టల్ని తోలేదెవరు? దానికి కళ్ళెందుకు, చప్పుడు చేస్తే చాలు. గట్టు దాకా నన్ను దించిపో."

గట్టు దాకా తీసుకుపోయాను. ఆమె కూర్చుని చీర సర్దుకుని డబ్బా మీద కర్రతో కొట్టింది. ఒక్క పిట్ట లేదు ఆ చుట్టుపక్కల. "లేచినయ్యా?" అని అడిగింది నన్ను.

"లేచినయ్యి" అన్నాను.

దారి మీద అక్క వాళ్ళు నా కోసం ఆగి ఉన్నారు. అక్కడినుంచి కేకేశారు. నాకు దేవుడి మాట ఏదీ వినపడలేదు, ఆ రోజూ లేదు, అంతకు ముందూ లేదు. నాకు వినపడింది ఆ డబ్బా చప్పుడే. కళ్ళు లేని ముసలిది, లేని పిట్టల్ని తోలుతూ, మొలుస్తుందో లేదో తెలియని చేను కాస్తుంటే, కళ్ళున్న నేను మూట పట్టుకుని పోవటం నాకు సిగ్గనిపించింది. "మీరు పదండి" అని కేకేశాను. అక్క చెయ్యి విసిరి ఏదో తిట్టింది. తర్వాత వాళ్ళు గుట్ట మలుపు తిరిగారు. వాళ్ళు కనపడకుండా పోగానే, ఏం పని చేశానురా దేవుడా అనుకున్నాను. వెనక పరుగెత్తుదామా అని కూడా అనిపించింది. పిల్ల ఏడుపు అందుకుంది. కూర్చుని పాలిచ్చాను, ఉన్నంత.

ఆ తర్వాత రోజులు బలుసాకు మీద, కంకర కూలి మీద నడిచాయి. పొద్దున్నే వాక్యం చదివేటప్పుడు నేను ఒక్కో ముక్క నెమ్మదిగా చదివేదాన్ని. ఏ ముక్కలో ఆయనకు ఏం వినపడుతుందోనని ఓరకంట ఆయన మొహం చూసేదాన్ని. ఆయన తల దించుకుని ఉండేవాడు.

పునర్వసు కూడా దాటాక, ఒక మధ్యాహ్నం కంకర కుప్ప మీద ఉండగా గాలి ఆగిపోయింది. నల్లమల వైపు నుంచి మట్టివాసన ముందు వచ్చింది, వాన వెనక వచ్చింది. మొదట అందరం చెట్టు కిందికి పోయాం. తర్వాత నేను సుత్తి అక్కడే పడేసి ఇంటి దారి పట్టాను. మోకాలి దాకా నీళ్ళు. ఆ వాన పూటకో సారి తెరిపి ఇచ్చి మళ్ళీ పట్టుకునేది. ఊళ్ళో విత్తనం దాచుకుని అదునుకు కాచుకున్నవాళ్ళు గొర్రులు తీసి చేల గట్ల మీద నిలబడ్డారు. రేగడి బంకైపోయింది. ఎద్దు కాలు పెడితే దిగబడుతోంది. తెరిపి ఇచ్చి నేల ఆరేలోపు మళ్ళీ వాన. అలా వాళ్ళ అదును చాలామందికి వాళ్ళ కళ్ళ ముందే దాటిపోయింది. వాళ్ళు చేసింది తప్పు కాదు. ఏ ఏడైనా బుద్ధున్న రైతు చేసేది అదే. మేమూ అదే చేసేవాళ్ళం.

మా చేలో కింది రేగడిలో మొలక లేచింది. మూడేసి చాళ్ళు, గొర్రు నడిచిన వంకర మీద అలాగే. పైన గరుకు నేల బోడిగా ఉండిపోయింది. చీమలు తిన్నచోట గుండ్రంగా ఖాళీలు. మా ఆయన చాళ్ళ వెంట నడుస్తూ ఒక చోట ఆగి, "ఇక్కడ నన్ను తిట్టుకుంటా పోశావు" అన్నాడు. చూస్తే నిజంగానే అక్కడ పలచగా లేచింది. ఇంకొంచెం ముందుకు పోయి, "ఇక్కడ కూడా" అన్నాడు.

"ఇంకా ముందుకు పో, చానా ఉంటయ్యి" అన్నాను. అప్పుడు నవ్వొచ్చింది నాకు.

పంట సగమే. ఆ సగం మాకు గంజిలోకి సరిపోయింది. కోసి, తొక్కించి, తూర్పారబట్టిన రోజు మొదటి పిడికెడు దేవుడి కుండలో వేశాను. మా అత్త చెవి ఒగ్గి విని, "ఇంకా పొట్టివే" అంది. ఇంకో పిడికెడు వేశాను. తర్వాత విత్తనాల కుండ నింపి పేడ మెత్తాకే తినే గింజ ముట్టుకున్నాం. పెద్దయ్య వాళ్ళు డెల్టా నుంచి చలి రోజుల్లో తిరిగొచ్చారు. గింజ లేదు, ఎద్దు లేదు. ఆయన మా వాకిట్లో కూర్చుని చాలాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, లేవబోతూ, "విత్తనం ఉందా అమ్మాయ్" అన్నాడు, నా వైపు చూడకుండా. మా ఆయన నా వైపు చూశాడు. నేను కొత్తగా మెత్తిన మూత పగలగొట్టి ఆయన తువ్వాలులో పోశాను. "చీమలకు జాగ్రత్త పెద్దయ్యా" అన్నాను. ఆ మాట అనకుండా ఉండలేకపోయాను.

తర్వాతి ఏడు మృగశిర మళ్ళీ ఎండగానే వచ్చింది. కుండలో సగం విత్తనమే ఉంది. పొద్దున్నే వాక్యం చదివి, మూసి, ఆయన మొహంలోకి చూస్తూ కూర్చున్నాను.

"ఏమన్నా చెప్పాడా?"

"లేదే."

"సరిగ్గా విన్నావా?"

"ఏమీ చెప్పలా. చెప్పనప్పుడు చెప్పాడని ఎట్టా అంటా?"

ఆ ఏడు కంకర కూలి డబ్బులతో కాడికి ఇంకో ఎద్దును మాట్లాడుకుని, అందరిలాగే మేమూ వాన కోసం కాచుకున్నాం. నాకైతే కిందటేడే నయమనిపించింది. పొడిలో పోసి ఎదురుచూడటం కష్టమే గాని, చేతికి ఒక పని అయిందనే ధైర్యం ఉండేది. ఇప్పుడు పిడికిలి మూసుకుని కూర్చోవాలి. ఒక మాపటేళ ఉండబట్టలేక కుండ మూత తీసి, జొన్నల్లో చెయ్యి పెట్టి, ఒక గుప్పెడు తీసి పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. మా అత్త గోడ దగ్గర్నుంచి, "మూత పెట్టు" అంది. పెట్టి, పేడ తడిపి తెచ్చి మళ్ళీ మెత్తాను.